వెనువెంటనే అంటే ఎంతసేపు?



ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివినవాళ్లకు కాంతి విద్యుత్ ఫలితం అనే పాఠం గుర్తుండే ఉంటుంది. లోహపు రేకు మీద తగిన కాంతి పడితే అందులోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. దానికి కొన్ని నియమాలు చెబుతాం, పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు. అందులో ఒకటి ఇది: కాంతి పడిన వెనువెంటనే ఎలక్ట్రాన్ వెలువడుతుంది, మధ్యలో కాలవిలంబనం లేదు. చాలా ఏళ్లు ఈ వాక్యాన్ని నేనూ నల్లబల్ల మీద రాశాను. ఒకరోజు మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "వెంటనే అంటే ఎంతసేపటికి సార్?" అని అడిగింది. సెకనులో నూరు కోట్లో వంతు, లేదా అంతకంటే తక్కువ అని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. "అయితే సున్నా కాదన్నమాట" అని కూర్చుంది.

ఆ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్న. దానికి అంకెల్లో జవాబు చెప్పడానికి భౌతిక శాస్త్రానికి వందేళ్లకు పైగా పట్టింది. ఈ పూట ఆ జవాబు కథ చెబుతాను.

1905లో ఐన్‌స్టీన్ ఈ ఫలితాన్ని వివరించాడు. కాంతి అల మాత్రమే అయితే, మసక వెలుతురులో ఎలక్ట్రాన్ శక్తిని కొంచెం కొంచెంగా కూడబెట్టుకోవాలి, చాలాసేపు ఆగాలి. నిజంగా అలా ఆగడం లేదు. ఎంత మసక వెలుతురైనా సరే, వస్తే వెంటనే వస్తుంది. ఎందుకంటే కాంతి పొట్లాలుగా, అంటే ఫోటాన్లుగా వస్తుంది. ఒక్కో పొట్లం ఒక్కో ఎలక్ట్రాన్‌కు తన శక్తినంతా ఒక్కసారే ఇచ్చేస్తుంది. అంటే ఆ 'వెంటనే' అనే మాట ఏదో పక్కన చేర్చిన వివరం కాదు, ఫోటాన్ ఉందనడానికి అదొక సాక్ష్యం. 1928లో అమెరికాలో ఎర్నెస్ట్ లారెన్స్, జెస్సీ బీమ్స్ దీన్ని పరీక్షకు పెట్టారు. ఆలస్యమనేది ఉంటే అది 3 నానోసెకన్ల లోపే అని తేల్చారు. నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లో వంతు. గమనించండి, వాళ్లు ఆలస్యం లేదనలేదు. తమ గడియారానికి అందనంత తక్కువ అన్నారు. ఆ తేడా పాఠ్యపుస్తకాల దాకా వచ్చేసరికి చెరిగిపోయింది. కొలవలేనిది కాస్తా లేనిదైంది.

మన పెద్దలు కాలాన్ని ఘడియలు, విఘడియలు అంటూ విభజించుకుంటూ వచ్చారు. మామూలు మాటల్లో రెప్పపాటు, లిప్తపాటు అంటాం. ఆ లెక్కలేవీ ఇక్కడ చాలవు. ఒక సెకనును నూరు కోట్ల ముక్కలు చేయండి. అందులో ఒక్క ముక్కను తీసుకుని మళ్లీ నూరు కోట్ల ముక్కలు చేయండి. ఆ చివరి ముక్క పేరు ఆటోసెకను. విశ్వం పుట్టి ఇప్పటికి 1380 కోట్ల ఏళ్లు. ఈ 1380 కోట్ల ఏళ్లలో గడిచిన సెకన్లు ఎన్నో, ఒక్క సెకనులో ఇమిడి ఉన్న ఆటోసెకన్లు వాటికి రెట్టింపు కంటే ఎక్కువ. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరిగెత్తే కాంతి, ఒక ఆటోసెకనులో దాటేది ఇంచుమించు ఒక నీటి అణువంత దూరం. నీల్స్ బోర్ నమూనా ప్రకారం హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ కేంద్రకాన్ని ఒకసారి చుట్టిరావడానికి సుమారు 150 ఆటోసెకన్లు పడుతుంది. ఎలక్ట్రాన్ల ప్రపంచంలో జరిగేవి చాలావరకు ఈ కొలమానంలోనే జరుగుతాయి.

ఇంత పొట్టి సంఘటనను చూడాలంటే అంతకంటే పొట్టి వెలుగు మెరుపు కావాలి. దానికి దారి అనుకోకుండా దొరికింది. 1987లో పారిస్ దగ్గర సాక్లే పరిశోధన కేంద్రంలో ఆన్ లూయిలియే, ఆమె సహచరులు పరారుణ లేజర్ కాంతిని ఆర్గాన్ వంటి జడవాయువులోకి పంపారు. అవతలి వైపు అసలు కాంతితో పాటు దాని పౌనఃపున్యానికి ఎన్నో రెట్లున్న కాంతులు బయటపడ్డాయి. వీణ మీద ఒక తీగ మీటితే పై స్వరాలు కూడా పలికినట్టు. వింత ఏమిటంటే, పైకి పోయేకొద్దీ ఆ స్వరాలు సన్నగిల్లిపోవాలి కదా, చాలా దూరం దాకా అవి అదే బలంతో వచ్చాయి.

కారణం తర్వాత తెలిసింది. బలమైన లేజర్ కాంతి పరమాణువును ఒంచేసి ఎలక్ట్రాన్‌ను ఊడలాగుతుంది, దూరంగా తోస్తుంది. అరక్షణంలో ఆ కాంతిలోని విద్యుత్ క్షేత్రపు దిశ మారుతుంది కనుక దాన్ని తిరిగి తెచ్చి సొంత పరమాణువుకే మోదుతుంది. అరక్షణం అనడం మాటవరసకు. నిజానికి అది సెకనులో లక్ష కోట్లో వంతులో కూడా చాలా చిన్న భాగం. ఇంటికి తిరిగొచ్చిన ఎలక్ట్రాన్ తాను మోసుకొచ్చిన శక్తినంతా ఒక అతినీలలోహిత మెరుపుగా వదిలేస్తుంది. ఆ మెరుపు నిడివి ఆటోసెకన్లలో ఉంటుంది. 2001లో సాక్లేకే చెందిన పియర్ అగొస్తీనీ బృందం ఒకదాని వెనక ఒకటిగా వచ్చే 250 ఆటోసెకన్ల మెరుపుల వరుసను కొలిచి చూపింది. అదే ఏడాది వియన్నాలో ఫెరెన్స్ క్రౌస్ బృందం 650 ఆటోసెకన్ల మెరుపును ఒంటరిగా విడదీసింది. ఈ ముగ్గురికే 2023లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది. నోబెల్ కబురు చెప్పే ఫోన్ వచ్చే సమయానికి లూయిలియే స్వీడన్‌లోని లుంద్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు కబురు విన్నారు, తిరిగి వెళ్లి మిగిలిన పాఠం పూర్తిచేశారు. ఉపాధ్యాయ వృత్తిలో బతికినవాడిగా నాకు ఆ కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే.

సరే, మెరుపు దొరికింది. గడియారం ఏది? ఆటోసెకన్లలో టిక్కుమనే ఎలక్ట్రానిక్ పరికరం ఎక్కడా లేదు. ఎలక్ట్రాన్ పరమాణువు నుంచి బయల్దేరి డిటెక్టర్‌ను చేరడానికే పట్టే కాలం, మనం వెతుకుతున్న ఆలస్యానికి కోట్ల రెట్లుంటుంది. ఇక్కడే ప్రయోగకర్తల తెలివి చూడాలి. వాళ్లు కాలాన్ని కొలవలేదు. వేగాన్ని కొలిచి దాన్నుంచి కాలాన్ని చదివారు.

బొమ్మ గీసి చూపలేను కనుక ఒక ఉయ్యాలను ఊహించుకోమంటాను. అట్లతద్దికి చెట్టుకొమ్మకు కట్టిన పెద్ద ఉయ్యాల. ఒక పిల్ల ఊగుతోంది. ఆమె చేతిలో జామకాయ ఉంది. ఊగుతూ ఊగుతూ ఏదో ఒక క్షణాన దాన్ని వదిలేస్తుంది. ఉయ్యాల ముందుకు దూసుకుపోతున్నప్పుడు వదిలితే కాయ ముందు ఎక్కడో పడుతుంది. వెనక్కి వస్తున్నప్పుడు వదిలితే వెనక పడుతుంది. మీరు కళ్లు మూసుకుని ఉన్నా సరే, తర్వాత కాయ ఎక్కడ పడిందో చూసి, ఉయ్యాల ఏ ఊపులో ఉండగా అది చేయి జారిందో చెప్పగలరు.

ప్రయోగశాలలో ఆ ఉయ్యాల పరారుణ లేజర్ అల. అది ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగడానికి సుమారు 2,700 ఆటోసెకన్లు తీసుకుంటుంది. జామకాయ ఎలక్ట్రాన్. దాన్ని వదిలించేది అతినీలలోహిత మెరుపు, 200 ఆటోసెకన్లకు లోపు నిడివి కలది. బయటికొచ్చిన ఎలక్ట్రాన్‌కు ఆ క్షణంలో అల ఉన్న దశను బట్టి వేగం కాస్త పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. మెరుపుకూ అలకూ మధ్య ఎడాన్ని మెల్లగా మారుస్తూ పోతే ఎలక్ట్రాన్ వేగాలు కూడా అలలాగే పైకీ కిందికీ కదులుతాయి. ఈ పద్ధతిని స్ట్రీకింగ్ అంటారు. ఆ ఎడాన్ని మార్చడానికి ఒక చిన్న అద్దాన్ని జరుపుతారు. ఒక ఆటోసెకను తేడా రావాలంటే ఆ అద్దం ఒక నానోమీటరులో ఏడో వంతు జరగాలి. అంటే ఒక్క పరమాణువు వెడల్పుకు అటూ ఇటూ. గదిలో ఎవరైనా నడిచినా ఆ లెక్క చెదిరిపోతుంది. గాలి ఆ మెరుపును మింగేస్తుంది కనుక ఇదంతా శూన్యంలో జరగాలి. ఈ ఓపికకు ముందుగా నమస్కరించి మిగతా మాట చెప్పాలి.

ఇక అసలు ప్రయోగం. 2010లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్షింగ్‌లోని మాక్స్ ప్లాంక్ క్వాంటమ్ ఆప్టిక్స్ సంస్థలో, క్రౌస్ బృందం లోహపు రేకుకు బదులు నియాన్ వాయువును తీసుకుంది. నియాన్ పై కక్ష్యలో రెండు రకాల ఎలక్ట్రాన్లుంటాయి. 2ఎస్ అనేవి కాస్త లోతుగా బిగిసి ఉంటాయి, వాటిని పీకడానికి 48 ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు శక్తి కావాలి. 2పి అనేవి బయటగా ఉంటాయి, వాటికి 22 చాలు. వంద ఎలక్ట్రాన్ వోల్టులకు కొంచెం పైబడిన ఫోటాన్ వచ్చి తగిలితే ఈ రెండిట్లో ఏదో ఒకటి బయటికొస్తుంది. ఏది వచ్చిందో దాని శక్తిని బట్టి తెలుస్తుంది. ఒకే ఉయ్యాల, ఒకే చేయి, రెండు రకాల కాయలు. రెండూ ఒకేసారి చేయి జారితే, కొలతల్లో రెండు అలల శిఖరాలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలబడాలి.

నిలబడలేదు. 2పి ఎలక్ట్రాన్ 2ఎస్ కంటే 21 ఆటోసెకన్లు ఆలస్యంగా వచ్చింది, కొలతలో 5 ఆటోసెకన్లు అటూఇటూగా. బయట ఉన్నది, తేలిగ్గా ఊడేది, ఎక్కువ వేగంతో పోయేది వెనకబడింది. లోతుగా ఉన్నది ముందు కనిపించింది.

ఆలస్యం అనగానే ఎలక్ట్రాన్ గడపలో నిలబడి తటపటాయించిందని అనుకోకూడదు. ఎలక్ట్రాన్ ఒక అలల గుత్తిగా బయల్దేరుతుంది. పోయే దారిలో కేంద్రకం దాన్ని వెనక్కి లాగుతుంటుంది, వదిలి వచ్చిన తోటి ఎలక్ట్రాన్లు తోస్తుంటాయి. ఈ లాగుడు, తోపుడు లేని ఖాళీ దారిలో పోయి ఉంటే అది ఎప్పుడు ఎక్కడుండేదో, ఇప్పుడు ఎక్కడుందో, ఆ తేడానే మనం ఆలస్యం అంటున్నాం. కొన్నిసార్లు అది ముందంజ కూడా కావచ్చు. ఈ భావన కొత్తది కాదు. 1948లో లియొనార్డ్ ఐసెన్‌బడ్, 1955లో ఆయన గురువు యూజీన్ విగ్నర్ కణాల తాకిడుల సందర్భంలో దీన్ని సూత్రంగా రాశారు. అర్ధశతాబ్దం పైగా అది కాగితం మీదే ఉండిపోయింది. విగ్నర్ హంగరీలో పుట్టినవాడు, ఆ సూత్రాన్ని కొలతగా మార్చిన క్రౌస్ కూడా హంగరీలోనే పుట్టాడు. దీన్లో విశేషార్థమేమీ లేదు, అయినా చెప్పాలనిపించింది.

ఇప్పుడు చిక్కు. కొలత 21 అంది. సిద్ధాంతకారులు లెక్కకు కూర్చున్నారు. ఒకటి కాదు, ఎన్నో బృందాలు, ఎన్నో పద్ధతులు. లెక్కలు 10 ఆటోసెకన్ల దగ్గర ఆగాయి, కొన్ని ఇంకా కిందే ఉండిపోయాయి. గడియారంగా వాడిన లేజర్ కూడా ఎలక్ట్రాన్‌ను కొంత కదిలిస్తుంది కదా, దాని వాటా కూడా కలిపి చూశారు. అయినా అంతరం పూడలేదు. ఏడేళ్లు గడిచాయి. ఈ ఏడేళ్లే నాకు ఈ కథలో ముఖ్యం. కొలిచినవాళ్లు తమ అంకెను సిద్ధాంతం వైపు సర్దలేదు. లెక్కగట్టినవాళ్లు తమ సమీకరణాలను 21 వచ్చేదాకా ఒంచలేదు. పొంతన లేదన్న సంగతిని పొంతన లేనట్టుగానే అందరి ముందూ ఉంచారు.

2017లో లుంద్ నుంచి, లూయిలియే బృందం నుంచి జవాబు వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవడానికి తంబూరా, మృదంగం సాయం తీసుకుందాం. మృదంగం మీద ఒక్క దెబ్బ వేసి ఆపేయండి. దెబ్బ ఎప్పుడు పడిందో కచ్చితంగా చెప్పగలం, కానీ అది ఏ శ్రుతిలో ఉందో అంత పొట్టి మోతలో పట్టుకోవడం కష్టం. తంబూరా అలా మోగుతూనే ఉంటే శ్రుతి తేటగా తెలుస్తుంది. కాంతికీ ఇదే ధర్మం. మెరుపు ఎంత పొట్టిదైతే దానిలోని శక్తులు అంత చెదిరి ఉంటాయి. గార్షింగ్ వాళ్ల ఒంటి మెరుపు చాలా పొట్టిది, కనుక కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల మేర అలుక్కుపోయింది. లుంద్ వాళ్లు ఒంటి మెరుపుకు బదులు మెరుపుల వరుసను వాడారు. ఆ వరుసలో శక్తులు దువ్వెన పళ్లలా విడివిడిగా నిలబడతాయి. ఎలక్ట్రాన్ రెండు దారుల్లో ఒకే శక్తికి చేరేట్టు చేసి, ఆ రెండు దారులూ కలిసేచోట వచ్చే హెచ్చుతగ్గుల్లోంచి కాలాన్ని చదువుతారు. ఈ పద్ధతికి రాబిట్ అని పేరు.

ఆ దువ్వెనతో దువ్వితే నియాన్‌లో మూడో రకం ఎలక్ట్రాన్ ఒకటి బయటపడింది. ఒక 2పి ఎలక్ట్రాన్ బయటికి పోయేటప్పుడు మిగిలిన పరమాణువు కుదుపుకు లోనై, ఇంకో 2పి ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగిరి కూర్చోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది. ఆ ఖర్చంతా బయటికి పోయే ఎలక్ట్రాన్ నుంచే పోతుంది కనుక దాని శక్తి తగ్గిపోయి, దాదాపు 2ఎస్ ఎలక్ట్రాన్ శక్తికి దగ్గరగా వస్తుంది. 2010 నాటి కొలతలో 2ఎస్ అనుకున్న గుంపులో ఈ ఎలక్ట్రాన్లు కలిసిపోయి ఉండాలని, అందుకే అంకె తేడాగా వచ్చి ఉండాలని లుంద్ బృందం చెప్పింది. వాటిని వేరుచేసి చూస్తే 2ఎస్, 2పి మధ్య ఆలస్యం సిద్ధాంతంతో చక్కగా సరిపోయింది.

2010 ప్రయోగం తప్పని దీన్నిబట్టి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ 21 లేకపోతే ఎవరూ అంత లోతుగా వెతికేవాళ్లు కాదు. ఒక పరమాణువులో ఎలక్ట్రాన్లు ఒంటరిగా ఉండవని, ఒకటి కదిలితే మిగతావి కదులుతాయని సూత్రాల్లో చదువుకున్నాం. ఆ ఉమ్మడి కాపురపు చప్పుడు కాలపు కొలతలో వినిపించడం అక్కడ మొదలైంది.

ఇంతవరకూ చెప్పినది ఒక ఎలక్ట్రాన్‌తో పోల్చి ఇంకో ఎలక్ట్రాన్ ఆలస్యం. ఫోటాన్ తగిలినప్పటి నుంచి అసలు ఎంత అన్న ప్రశ్నకు హీలియం ఆసరా అయింది. హీలియంలో ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు. దాని సమీకరణాన్ని కంప్యూటర్ మీద పూర్తిగా సాధించవచ్చు. 2016లో గార్షింగ్‌లో హీలియం మీద కొలతలు తీసి, లెక్కతో సరిచూసి, 850 జెప్టోసెకన్ల కచ్చితత్వం సాధించారు. జెప్టోసెకను ఆటోసెకనులో వెయ్యో వంతు. ఇప్పుడు హీలియంను తూనికరాయిగా పెట్టుకుని ఇతర పరమాణువులను తూచవచ్చు.

ఘనపదార్థాల్లో ఇలాంటి కొలత అంతకు ముందే, 2007లో, టంగ్‌స్టన్ మీద మొదలైంది; లోపలి ఎలక్ట్రాన్లు బయటి వాటికంటే సుమారు 100 ఆటోసెకన్లు వెనకబడ్డాయి. 2020లో జ్యూరిక్‌లో ద్రవరూపంలోని నీటి మీద చేశారు. నీటి ఆవిరి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లకంటే నీళ్ల నుంచి వచ్చేవి 50 నుంచి 70 ఆటోసెకన్లు ఆలస్యం. చుట్టూ ఉన్న తోటి నీటి అణువుల వల్లే ఆ తేడా. మన శరీరంలో ఎక్కువ భాగం నీళ్లే. రేడియేషన్ తగిలినప్పుడు జీవకణంలో జరిగే నష్టం మొదలయ్యేది ఇలా ఊడిపడిన ఎలక్ట్రాన్లతోనే. కనుక ఈ 50, 70 అంకెలను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఈ రంగం మనకు దూరమని అనుకోకండి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ పి.సి. దేశ్‌ముఖ్, ఆయన శిష్యులు విగ్నర్ ఆలస్యాలను రకరకాల పరమాణువులకు లెక్కగట్టారు. అరవై కార్బన్ పరమాణువుల బంతి లోపల ఇంకో పరమాణువును బంధిస్తే దాని ఎలక్ట్రాన్ ఆలస్యం ఎలా మారుతుందో విదేశీ సహచరులతో కలిసి 2014లో ప్రచురించారు. తర్వాత ఆయన తిరుపతిలో, అక్కడి ఐఐటీ, ఐసర్ సంస్థలు కలిసి నెలకొల్పిన పరమాణు, అణు, కాంతి శాస్త్రాల కేంద్రంలో పనిచేశారు. ఈ లెక్కలకు కోట్ల రూపాయల లేజర్ అక్కర్లేదు. క్వాంటమ్ సిద్ధాంతం మీద పట్టు, కంప్యూటర్, ఓపిక కావాలి. ఎమ్మెస్సీ చదువుతున్న శ్రోతలెవరైనా ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి.

లెక్చరర్ మిత్రులకు ఒక్క మనవి. ఈ ఏడాది కాంతి విద్యుత్ ఫలితం పాఠం చెప్పేటప్పుడు ఆ నియమాన్ని పుస్తకంలో ఉన్నట్టే చెప్పండి, పరీక్షకు అదే రాయించండి. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగి, ఆలస్యం సున్నా కాదనీ, దాన్ని ఆటోసెకన్లలో కొలిచారనీ, నియాన్‌లో మొదట వచ్చిన అంకె 21 అనీ, అది ఏడేళ్ల తర్వాత ఎందుకు సవరించాల్సి వచ్చిందో కూడా చెప్పండి. మూడో బెంచీలోంచి ఎవరైనా లేచి ప్రశ్న అడిగితే, గంట కొట్టినా సరే, కూర్చోమనకండి.